వేబర్ క్లారినెట్ క్వింటెట్: నాలుగు తీగవాద్యాల నడుమ ఒక గొంతు

కార్ల్ మరియా ఫాన్ వేబర్ బి ఫ్లాట్ మేజర్‌లో రాసిన క్లారినెట్ క్వింటెట్, ఓపస్ (రచన సంఖ్య) 34, పూర్తయి రెండు వందల ఏళ్లు దాటాయి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో క్లారినెట్ పట్టినవాళ్లెవరూ ఈ రచనను దాటి ముందుకు పోలేరు. అయినా చాంబర్ సంగీతం, అంటే కొద్దిమంది ఒక గదిలో కూర్చుని వాయించుకునే సంగీతం, మీద రాసే పండితులు దీన్ని తమ పంక్తిలో మనసారా కూర్చోబెట్టుకోలేదు. వాళ్ల అభ్యంతరం ఒకటే. క్వింటెట్ అంటే ఐదుగురు సమానంగా మాట్లాడుకోవాలి. ఇక్కడ మాట్లాడేది క్లారినెట్ ఒక్కటే, రెండు వయొలిన్లు, వయోలా, సెల్లో దానికి తాళం వేస్తూ కూర్చుంటాయి. కాబట్టి ఇది కన్సర్టో, అంటే ఆర్కెస్ట్రా ముందు ఒక్క వాద్యం ప్రధానంగా వాయించే రచన, కాకపోతే ఆర్కెస్ట్రా ఖర్చు లేనిది, అంతేనని తీర్పు.

తీర్పులోని మొదటి సగం నిజం. క్లారినెట్‌దే పైచేయి, వేబర్ దాన్ని దాచే ప్రయత్నం కూడా చేయలేదు. తేడా వచ్చేది రెండో సగం దగ్గర. ఈ సంగీతాన్ని ఆర్కెస్ట్రాకు అప్పగిస్తే అందులోని ముఖ్యమైన ఘట్టాలు చెదిరిపోతాయి. అవి నలుగురే పక్కన ఉన్నప్పుడు మాత్రమే సాధ్యమయ్యేవి. తెలుగు శ్రోతకు ఈ సంగతి తేలిగ్గానే అర్థం కావాలి. కర్ణాటక కచేరీలో వయొలిన్, మృదంగం పక్కవాద్యాలుగా ఉన్నంత మాత్రాన అది తక్కువ సంగీతమని ఎవరూ అనరు. గాయకుడి గొంతు ఎక్కడ తగ్గుతుందో, ఎక్కడ ఆగుతుందో పసిగట్టి వాయించడమే అక్కడ పెద్ద విద్య. వేబర్ తన నలుగురు తీగవాద్యకారుల నుంచి కోరిందీ అలాంటిదే.

వేబర్ పుట్టింది ఉత్తర జర్మనీలోని ఓయ్టిన్‌లో, 1786 నవంబరులో. తండ్రి ఫ్రాంజ్ ఆంటన్ ఊరూరా తిరిగే నాటక సమాజం నడిపేవాడు. మొజార్ట్ భార్య కాన్‌స్టాంజ్ ఆయనకు అన్న కూతురు. పిల్లవాడు తెరల వెనుక, దీపాల వేడిలో, పాత్రధారుల మధ్య పెరిగాడు. సొనాటా వంటి సంగీత రూపాల నియమాలు నేర్చుకోకముందే, ఒక పాత్ర రంగం మీదికి ఎప్పుడు రావాలో, వచ్చాక ఎంతసేపు మౌనంగా నిలబడితే సభ ఊపిరి బిగబడుతుందో కళ్లతో చూశాడు. 1806లో బ్రెస్లావులో ఉండగా తండ్రి సీసాలో పోసి ఉంచిన నైట్రిక్ ఆమ్లాన్ని పొరపాటున తాగి, ప్రాణం దక్కించుకున్నా, పాడే గొంతు పోగొట్టుకున్నాడు. ఆ దుర్ఘటనకూ ఆయన క్లారినెట్ రచనలకూ ముడిపెట్టడానికి ఆధారం లేదు. అయితే ఆయన వాద్యాలకు రాసిన పంక్తులన్నీ పాడే మనిషిని ఎదుట ఉంచుకుని రాసినట్లే ఉంటాయి.

1811 మార్చిలో వేబర్ మ్యూనిక్ చేరాడు. చేతిలో స్థిరమైన ఉద్యోగం లేదు. అంతకు ఏడాది ముందు వుర్టెంబర్గ్ రాజ్యం నుంచి బహిష్కరణకు గురయ్యాడు. మ్యూనిక్ ఆస్థాన ఆర్కెస్ట్రాలో హైన్‌రిక్ బేర్మాన్ అనే క్లారినెట్ విద్వాంసుడు ఉన్నాడు. 1784లో పోట్స్‌డామ్‌లో పుట్టి, సైనిక బ్యాండులో పెరిగి, ప్రష్యా సేనతో యుద్ధానికి వెళ్లి, 1806లో ఫ్రెంచివాళ్లకు బందీగా చిక్కి, తప్పించుకున్న మనిషి. 1807 నుంచి మ్యూనిక్‌లో కొలువు. ఆస్థాన ఒపేరాలో పాడే హెలెనా హార్లాస్ ఆయన జీవిత సహచరి. అంటే ఆయన ఇంట్లో రోజూ వినిపించేది ఒపేరా గానం. బేర్మాన్ వాద్యంలో పై స్వరానికీ కింది స్వరానికీ మధ్య అతుకు తెలియదని, ఎంత మెల్లగా ఊదినా స్వరం నిండుగా ఉంటుందని ఆనాటి శ్రోతలు మెచ్చుకున్నారు.

వేబర్ ఆయన కోసం ముందు ఒక కన్సర్టీనో, అంటే చిన్న కన్సర్టో (ఓపస్ 26), రాశాడు. ఏప్రిల్ 5న అది మ్యూనిక్‌లో మోగింది. విన్న బవేరియా రాజు మాక్సిమిలియన్ జోసెఫ్ వెంటనే మరో రెండు పూర్తి కన్సర్టోలు రాయమన్నాడు. ఎఫ్ మైనర్, ఈ ఫ్లాట్ మేజర్ కన్సర్టోలు రెండూ ఆ ఏడాదే పూర్తయ్యాయి. ఆస్థానంలోని మిగతా వాద్యకారులు కూడా తమకూ ఒకటి కావాలని వెంటపడ్డారు. వాళ్లలో నెగ్గినవాడు బసూన్ అనే మంద్రస్థాయి ఊదు వాద్యం వాయించే బ్రాంట్ ఒక్కడే. ఆ చలికాలమే వేబర్, బేర్మాన్ కలిసి ప్రాగ్, లైప్‌జిగ్, వైమర్, డ్రెస్డెన్, బెర్లిన్ నగరాల్లో కచేరీలు చేస్తూ తిరిగారు. ఒకరు పియానో, ఒకరు క్లారినెట్. నెలల తరబడి ఒకే బండిలో ప్రయాణించి, ఒకే వేదిక మీద కూర్చున్న ఇద్దరికి ఒకరి ఊపిరి మరొకరికి తెలుస్తుంది. ఓపస్ 34ను ఆ చనువులోంచి వచ్చిన రచనగా చూడాలి.

ఆ రచనలో ఏం జరుగుతుందో తెలియాలంటే ముందు వాద్యం సంగతి కొంత తెలియాలి. మనకు క్లారినెట్ పెళ్లి బ్యాండు వల్ల పరిచయం. దక్షిణాదిలో ఎ.కె.సి. నటరాజన్ వంటి విద్వాంసులు దాని మీద గమకాలు పలికించి కర్ణాటక కచేరీ స్థాయికి తెచ్చారు. నాదస్వరం, సన్నాయిలలో రెండు రేకులు ఒకదానికొకటి తగిలి మోగుతాయి. క్లారినెట్‌లో రెల్లు జాతి గడ్డితో చేసిన ఒకే రీడ్ మూతిభాగానికి కొట్టుకుంటూ అదురుతుంది. ఇది ఒక తేడా. రెండోది గొట్టం ఆకారం. సన్నాయి గొట్టం కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. క్లారినెట్ గొట్టం లోపలి రంధ్రం చాలావరకు ఒకే వ్యాసంతో సాగుతుంది, పై చివర రీడ్ దగ్గర మూసుకున్నట్లు పనిచేస్తుంది.

ఒక కొన మూసిన సమాన వ్యాసపు గొట్టంలో గాలి బేసి సంఖ్య అనుస్వరాలనే బలంగా పలికిస్తుంది. అందువల్ల వేణువులోనో, రెండు రేకుల పాశ్చాత్య వాద్యం ఓబోలోనో గట్టిగా ఊదితే స్వరం పై షడ్జానికి ఎగిరినట్లు క్లారినెట్‌లో ఎగరదు. ఆ షడ్జాన్ని దాటి దాని పైనున్న పంచమానికి దూకుతుంది. దీనికి రెండు ఫలితాలు. వాద్యం పొడవుతో పోలిస్తే దాని కింది స్వరాలు ఆశ్చర్యపోయేంత లోతుగా దిగుతాయి. అలాగే వేళ్లు ఒకసారి కింది నుంచి పైదాకా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చేలోగా ఎక్కువ స్వరాలను పూరించాలి. ఆ మధ్యలో పడే స్వరాలు, వాటిని గొంతు స్వరాలంటారు, పలచగా, బలహీనంగా ఉంటాయి. పైనా కిందా రెండు సంపన్నమైన ప్రాంతాలు, మధ్యలో ఒక ఇరుకు కనుమ. క్లారినెట్ కోసం రాసే ప్రతి స్వరకర్తా ఈ కనుమను ఎలా దాటాలో ఆలోచించక తప్పదు.

మొజార్ట్ కాలంలో సాధారణ క్లారినెట్‌కు ఐదు మీటలు ఉండేవి. అర్ధస్వరాలు పలికించాలంటే వేళ్లతో రంధ్రాలను అడ్డదిడ్డంగా మూయాలి, అలా వచ్చిన స్వరాలు మసకబారేవి. బేర్మాన్ దగ్గర ఉన్నది బెర్లిన్‌లో గ్రీస్‌లింగ్, ష్లాట్ చేసిన పది మీటల వాద్యం. అదనంగా వచ్చిన ఆ ఐదు మీటల వల్ల అర్ధస్వరాల వరుసలు, దూరపు శ్రుతులకు మారడం, వేగమైన అలంకారాలు అన్నీ స్పష్టమయ్యాయి. ఈ క్వింటెట్‌లోని క్లారినెట్ భాగం ఐదు మీటల వాద్యం మీద కూర్చుని ఊహించగలిగేది కాదు. వాద్యం తయారుచేసిన వడ్రంగి పనితనం కూడా సంగీత చరిత్రలో భాగమే. దాన్ని ఎవరూ తలుచుకోరు, తలుచుకోవాలి.

రచన సాగిన తీరు నిదానం. కన్సర్టోలను కొన్ని వారాల్లో ముగించిన వేబర్ దీనికి నాలుగేళ్లు తీసుకున్నాడు. 1811లో మొదలుపెట్టి, 1813లో మొదటి మూడు భాగాల దాకా వచ్చి, ఆపేశాడు. ఆ సంవత్సరం ప్రాగ్ ఒపేరా బాధ్యత నెత్తిన పడింది. గాయకులను ఎంపిక చేయడం, తెరలు కుట్టించడం, ఆర్కెస్ట్రాను మళ్లీ నిర్మించడం, రోజంతా ఆ పనే. 1815 వేసవిలో మ్యూనిక్ వచ్చి బేర్మాన్‌ను కలిశాక గానీ చివరి భాగం పూర్తి కాలేదు. ఆగస్టు చివర ముగించిన వెంటనే వాయించారు. మరుసటి ఏడాది బెర్లిన్‌లో ష్లెసింగర్ అచ్చువేశాడు. అంకితం ఎవరికో చెప్పనక్కర్లేదు.

క్లారినెట్‌తో నాలుగు తీగవాద్యాలను జతచేసిన గొప్ప రచన అప్పటికే ఒకటి ఉంది. మొజార్ట్ 1789లో క్లారినెట్ విద్వాంసుడు ఆంటన్ స్టాడ్లర్ కోసం రాసిన ఏ మేజర్ క్వింటెట్. అందులో క్లారినెట్ తీగవాద్యాల్లో కరిగిపోతుంది. మొదటి వయొలిన్ ఒక మాట అంటే క్లారినెట్ దాన్ని అందుకుంటుంది, వయోలా దానికి నీడ వేస్తుంది. చాంబర్ సంగీతానికి అదే కొలబద్ద అని నమ్మినవాళ్లకు వేబర్ రచన వెంటనే లోపంగా కనిపిస్తుంది. మొజార్ట్ రచన అందానికి సాటి లేదు, దాంతో పేచీ లేదు. వేబర్ ఆ దారిలో పోలేదు, అంతే. ఆయనకు కావలసింది ఐదుగురి సంభాషణ కాదు. చీకటి రంగస్థలం మీద ఒక పాత్ర, దాని చుట్టూ మారుతూ ఉండే వెలుగు.

మొదటి భాగం మొదలవడంలోనే ఈ సంగతి తెలిసిపోతుంది. తీగవాద్యాలు నలుగురూ మెల్లగా, దగ్గరదగ్గరగా అల్లిన స్వరసంపుటితో (ఒకేసారి మోగే స్వరాల గుంపుతో) తెర తీస్తారు. క్లారినెట్ ఇంకా రాలేదు. శ్రోతకు తెలుసు, ఐదో కుర్చీలో మనిషి ఉన్నాడు, వాద్యం ఒళ్లో ఉంది. చివరికి క్లారినెట్ ప్రవేశించేది ఒక నిలకడైన స్వరంతో. ఆ స్వరం నిశ్శబ్దానికి దగ్గరగా పుట్టి, ఒకే దమ్ములో పెరుగుతూ వస్తుంది. రాగానికి ముందు గాయని షడ్జం పట్టి గొంతు తెరిచే క్షణం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఇటాలియన్ ఒపేరా గాయనులు దశాబ్దాల పాటు సాధన చేసే విద్య ఇది. క్లారినెట్‌కు ఈ విద్య పుట్టుకతోనే వచ్చింది. ఒంటి రీడ్ ఉండటం వల్ల గాలి తగ్గించినా స్వరం తెగకుండా సన్నగిల్లుతూ పోగలదు. ఓబోకు అది చాలా కష్టం.

ఆ ప్రవేశం తర్వాత సంగీతం సొనాటా రూపంలో మామూలుగానే నడుస్తుంది. రెండు ఇతివృత్తాలు, వాటి విస్తరణ, పునరాగమనం. ఇక్కడ వేబర్ కొత్తగా ఏమీ కట్టలేదు. బీథోవెన్ అదే కాలంలో ఒక చిన్న స్వరబీజం పట్టుకుని మొత్తం భవనం లేపుతున్నాడు. వేబర్‌కు అంత ఓపిక లేదు, ఆయన బలం అక్కడ లేదు కూడా. విస్తరణ భాగంలో నిర్మాణం కాస్త పలచబడిందని ఒప్పుకోవాలి. కానీ ఇతివృత్తం మళ్లీ వచ్చిన ప్రతిసారీ క్లారినెట్ వేరే ఎత్తున, వేరే రంగులో వస్తుంది. పైస్థాయిలో ఠీవిగా పలికినది మంద్రంలోకి దిగితే అదే మాట బెదిరింపులా వినిపిస్తుంది. వేబర్ ఇతివృత్తాన్ని తర్కంతో పెంచడు. దాని ముఖం మారుస్తాడు.

రెండో భాగానికి వేబర్ ఫాంటసియా అని పేరు పెట్టాడు. జి మైనర్, నిదానమైన గతి. క్వింటెట్ మొత్తం పోయి ఈ కొన్ని నిమిషాలు మిగిలినా వేబర్ గురించి తెలుసుకోవలసింది తెలుస్తుంది. తీగవాద్యాలు బరువైన స్వరసంపుటులను నెమ్మదిగా మోస్తూ ఉంటాయి. వాటి మీద క్లారినెట్ దుఃఖంతో నిండిన పొడుగాటి పంక్తి పాడుతుంది. ఒపేరాలో నాయిక ఒంటరిగా మిగిలినప్పుడు పాడే పాట ఇది. పంక్తి సాగుతూ సాగుతూ, మాటలు అందని చోట ఆగి, తనలో తాను గొణుక్కుంటున్నట్లు అలంకారాల్లోకి వెళ్తుంది. అలంకారం అంటే ఇక్కడ తళుకు కోసం పెట్టింది కాదు. మాట తడబడినప్పుడు గొంతులో వచ్చే వణుకు అది.

ఈ భాగం నడుమ ఒక చోట తీగవాద్యాలు తప్పుకుంటాయి. క్లారినెట్ ఒంటరిగా మంద్రస్థాయి నుంచి తారస్థాయి దాకా అర్ధస్వరాలన్నిటినీ వరుసగా తాకుతూ పైకి ఎక్కుతుంది. బలం కొద్దీ, పూర్తి ధ్వనితో. ఇంతవరకు అది విద్వాంసుడి సత్తా చూపే పని, ఎవరైనా రాయగలరు. ఆ తర్వాత వేబర్ చేసింది చూడాలి. అలాంటి వరుసే మళ్లీ మొదలవుతుంది, ఈసారి వినీ వినిపించనంత మెల్లగా. మొదటి వరుస కేక అయితే రెండోది ఆ కేక మనసులో మిగిల్చిన జ్ఞాపకం. రెండిటిలోనూ వేళ్ల పని ఒకటే. మారింది దమ్ము మాత్రమే, దాంతో అర్థం మొత్తం మారిపోయింది.

ఆ రెండో వరుసను బాగా వాయించడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అడుగు నుంచి బయల్దేరినప్పుడు గొట్టంలో గాలి స్తంభం పొడవుగా ఉంటుంది, మెల్లగా ఊదినా స్వరం నిండుగా వస్తుంది. కాస్త ఎక్కగానే గొంతు స్వరాల కనుమ ఎదురవుతుంది, అక్కడ ధ్వని సహజంగా పలచబడుతుంది, శ్రుతి కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. దాన్ని దాటిన మరుక్షణం వేళ్లన్నీ ఒక్కసారిగా రంధ్రాలను మూసి పై ప్రాంతంలోకి అడుగుపెట్టాలి. అక్కడ స్వరం ఒక్కసారిగా మెరుస్తుంది, ఏమాత్రం ఏమరినా కీచుమంటుంది. ఇంకా పైకి వెళ్తే రీడ్‌కు ఎక్కువ ఒత్తిడి కావాలి, కానీ వేబర్ అడిగింది తక్కువ ధ్వని. ఈ మూడు ప్రాంతాలనూ ఒకే పోగులా, ఎక్కడా ముడి కనిపించకుండా, నిశ్శబ్దానికి వెంట్రుకవాసి దూరంలో నడిపించాలి. పై కింది స్వరాల మధ్య అతుకు తెలియదని బేర్మాన్‌కు వచ్చిన పేరు ఏమిటో ఈ ఒక్క వరుసలో అర్థమవుతుంది. వేబర్ ఆ పేరును స్వరాల్లో రాసిపెట్టాడు.

ఈ క్వింటెట్ నలుగురితోనే ఎందుకు ఉండాలో కూడా ఇక్కడే తెలుస్తుంది. నలభై మంది కూర్చున్న వేదిక ముందు, పెద్ద సభాభవనంలో ఇంత మెల్లని ధ్వని చేరవలసిన చోటికి చేరదు. చేరేలా ఊదితే అది మెల్లని ధ్వని కాకుండా పోతుంది. ఎఫ్ మైనర్ కన్సర్టోలో వేబర్ నెమ్మది భాగం కూడా చాలా అందమైనది. అందులో క్లారినెట్ హార్న్‌లతో కలిసి పలికే ఘట్టం మరిచిపోలేనిది. అయితే అక్కడ ఆయన ధ్వనిని ఇంత అంచుకు తీసుకుపోలేదు. గదిలో పది అడుగుల దూరంలో కూర్చున్న శ్రోతను తలుచుకుని రాసినప్పుడే ఇంత దూరం వెళ్లగలిగాడు. చాంబర్ సంగీతం అనే పేరుకు ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

మూడో భాగాన్ని వేబర్ మెనుయెట్టో అన్నాడు గానీ ఆ వేగానికి ఎవరూ నాట్యం చేయలేరు. దాని పక్కనే కాప్రిచియో, ప్రెస్టో అని కూడా రాశాడు. మూడు లెక్కల తాళంలో క్లారినెట్ దెబ్బను పడవలసిన చోట వేయదు. బార్ గీత దాటించి, రెండేసి లెక్కల గుంపులుగా విడగొట్టి, తీగవాద్యాలతో దోబూచులాడుతుంది. మన తాళ పరిభాషలో చెబితే తిశ్రంలో చతురశ్రపు దెబ్బలు పడుతున్న భ్రమ. ఈ భాగంలో తీగవాద్యాలకు మంచి పని ఉంది. ఒక్కరు లెక్క తప్పినా మొత్తం కుప్పకూలుతుంది. మధ్యలో వచ్చే ట్రియో అనే విభాగం శాంతమైన పాట, దాని తర్వాత ఆట మళ్లీ మొదటికి వస్తుంది. ఫాంటసియా బరువు దిగిన వెంటనే ఇలాంటి అల్లరిని పెట్టడంలో నాటకం తెలిసిన చెయ్యి కనిపిస్తుంది.

చివరి భాగమైన రోండో గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఉల్లాసంగా, గుర్రపు దౌడు లయలో పరుగెత్తుతుంది. నాలుగు భాగాల్లోకీ అది కన్సర్టోకు దగ్గరైనది. విమర్శకుల ఆరోపణ ఇక్కడ చాలావరకు చెల్లుతుంది. తీగవాద్యాల పని ఎక్కువగా లయ పట్టడమే. చివర్లో క్లారినెట్ పైకీ కిందికీ ఆర్పెజియోలు (ఒక్కొక్కటిగా దొర్లించిన స్వరసంపుటులు) చిమ్ముతూ ముగింపు వైపు దూసుకుపోతుంది. కచేరీలో చప్పట్లు లేవడం ఖాయం. రెండేళ్ల విరామం తర్వాత, స్నేహితుడి ఊళ్లో, ప్రదర్శన తలుపు తడుతుండగా రాసిన భాగం ఇది. ఆ తొందర, ఆ సంతోషం రెండూ అందులో ఉన్నాయి. మొదటి మూడు భాగాల లోతు మాత్రం లేదు.

తీగవాద్యాల మీద ఆరోపణకు మళ్లీ వద్దాం. ఈ రచనను క్లారినెట్, తీగవాద్య ఆర్కెస్ట్రాకు మార్చి వాయించడం తరచూ జరుగుతుంది. రికార్డింగులు కూడా ఉన్నాయి. కన్సర్టోయే కదా, ఆర్కెస్ట్రాతోనే వాయిస్తే ఏం అనే ఆలోచన దాని వెనుక ఉంది. వింటే లోటు ఎక్కడుందో తెలుస్తుంది. రోండో బాగానే ఉంటుంది, నిజానికి ఇంకా జోరుగా ఉంటుంది. మెనుయెట్టోలో దోబూచులాట మొద్దుబారుతుంది. పదిమంది కలిసి వేసే దెబ్బకు ఒక్కడు వేసే దెబ్బలోని చురుకు రాదు. ఫాంటసియాలో ఒక్క వయోలా కమాను మీది వెంట్రుకల గీత వినిపించవలసిన చోట సమూహపు మెత్తదనం పరుచుకుంటుంది. క్లారినెట్ సన్నగిల్లినప్పుడు దానితో పాటు ఊపిరి బిగబట్టే ఒక్క మనిషి ఎదురుగా ఉండడు. తక్కువ స్వరాలున్నా ఆ నలుగురి భాగాలకు వాయించేవాళ్లు మామూలు మనుషులైతే చాలదు. ప్రతి వేదిక మీదా క్లారినెట్ దమ్ము పొడవు మారుతుంది, దానికి తగ్గట్లు కమాను వేగం అక్కడికక్కడే మారాలి. స్వరాలు రాసిన కాగితం మీద ఆ పని కనిపించదు, అందుకే కాగితం చూసి తీర్పు చెప్పినవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇక్కడ నేర్చుకున్నది వేబర్ తర్వాత పెద్ద ఎత్తున వాడుకున్నాడు. 1821 జూన్ 18న బెర్లిన్‌లో తెరలేచిన డెర్ ఫ్రైషుట్జ్ ఒపేరా జర్మన్ రొమాంటిక్ సంగీతానికి జెండా అయింది. అందులో అడవి చీకటి, దెయ్యపు శక్తి పొంచి ఉన్న చోట్ల వణుకుతున్న తీగవాద్యాల కింద మంద్రస్థాయి క్లారినెట్లు వినిపిస్తాయి. ఓవర్చర్‌లో, అంటే ఒపేరాకు ముందు వాయించే ప్రారంభ సంగీతంలో, ఆ చీకటిని చీల్చుకుని పైకి లేచే ఆర్తి పంక్తి కూడా క్లారినెట్‌దే. భయానికీ ఆశకూ ఒకే వాద్యం. ఈ రెండు ముఖాలనూ వేబర్ పదేళ్ల ముందు బేర్మాన్ ఊపిరిలో కనిపెట్టాడు. క్వింటెట్‌లోని ఫాంటసియా విని ఫ్రైషుట్జ్ ఓవర్చర్ వింటే బంధుత్వం దాగదు.

వేబర్ 1826 జూన్ 5న లండన్‌లో క్షయతో కన్నుమూశాడు, నలభై ఏళ్లు నిండలేదు. ఆ తర్వాత ఈ రచన బేర్మాన్ కుటుంబం చేతుల్లో బతికింది. కొడుకు కార్ల్ బేర్మాన్ తండ్రి పక్కన వాయిస్తూ పెరిగాడు. ఈ తండ్రీకొడుకుల కోసమే స్వరకర్త మెండెల్సన్ ఓపస్ 113, 114 కచేరీ రచనలు చేశాడు. అందుకు ప్రతిఫలంగా వాళ్లు ఆయనకు బవేరియా పద్ధతిలో కుడుములు, స్ట్రూడెల్ వండిపెట్టారు. కార్ల్ తర్వాత పెద్ద క్లారినెట్ బోధినిని రాశాడు, మ్యూనిక్ వాద్యశిల్పి ఆటెన్‌స్టైనర్‌తో కలిసి పద్దెనిమిది మీటల వాద్యాన్ని రూపొందించాడు. వేబర్ క్లారినెట్ రచనలకు ప్రతులు కూడా సిద్ధం చేశాడు. ఆ ప్రతుల్లో వేబర్ రాయని మలుపులు, అదనపు అలంకారాలు, ధ్వని గుర్తులు చాలా చేరాయి. అవి తండ్రి వాయించిన పద్ధతికి గుర్తులని, కాబట్టి వేబర్ ఆమోదించినవేనని కొందరి వాదన. స్వరకర్త రాతకే కట్టుబడాలని మరికొందరు. ఇప్పుడు రెండు రకాల ప్రతులూ దొరుకుతాయి, రికార్డింగుల మధ్య తేడాలకు ఒక ముఖ్య కారణం అదే.

ఈ వాదంలో ఒక పక్షానికే మొగ్గనక్కర్లేదు, కానీ ఫాంటసియాలో మాత్రం తక్కువే మేలు. వేబర్ అక్కడ ఖాళీ వదిలింది మెల్లని స్వరం నిలబడటానికి. దాన్ని అలంకారాలతో నింపితే కేకకూ జ్ఞాపకానికీ మధ్య దూరం తగ్గిపోతుంది. రోండోలో ఎన్ని చేర్చినా నష్టం లేదు.

హైన్‌రిక్ బేర్మాన్ స్వయంగా కూడా క్లారినెట్, తీగవాద్యాలకు క్వింటెట్లు రాశాడు. వాటిలో ఓపస్ 23లోని నెమ్మది భాగం చాలాకాలం ఒపేరా స్వరకర్త రిచర్డ్ వాగ్నర్ రచనగా చలామణీ అయింది. ఆ పేరుతో అచ్చయింది, కచేరీల్లో మోగింది. ఎవరూ ఇది వాగ్నర్‌ది ఎలా అవుతుందని అడగనంత బాగుంది ఆ పాట. ఇందులో ఒక సంగతి తెలుస్తుంది. వేబర్‌కు వాయించిపెట్టిన మనిషి ఉత్త వేళ్ల నిపుణుడు కాడు, గానం అంటే ఏమిటో తెలిసిన సంగీతకారుడు. ఫాంటసియాలో ఎంత వేబర్‌దో, ఎంత బేర్మాన్ ఊదుతుండగా వేబర్ చెవిన పడిందో విడదీయడం ఎవరి తరం కాదు.

ఆటెన్‌స్టైనర్ చేసిన ఆ బేర్మాన్ పద్ధతి వాద్యం జర్మనీలోని మైనింగెన్ ఆస్థానంలో రిచర్డ్ మ్యూల్‌ఫెల్ట్ చేతికి చేరింది. ఆయన వయొలిన్ వాద్యకారుడిగా మొదలై క్లారినెట్ వైపు వచ్చినవాడు. రచనలు చేయడం ఇక చాలించుకుందామనుకుంటున్న స్వరకర్త బ్రామ్స్ 1891లో మైనింగెన్‌లో ఆయన వాయించిన మొజార్ట్ క్వింటెట్, వేబర్ కన్సర్టో విన్నాడు. ఆ ఏడాదే క్లారినెట్ ట్రియో, బి మైనర్ క్లారినెట్ క్వింటెట్ (ఓపస్ 115) పుట్టాయి. ఆ క్వింటెట్ నెమ్మది భాగం నడుమ తీగవాద్యాలు వణుకుతుంటే క్లారినెట్ పైనుంచి కిందిదాకా దూకుతూ, ఎవరి మాటా వినకుండా తన వేదన తాను చెప్పుకునే ఘట్టం ఉంది. జిప్సీ వాద్యకారుల ధోరణి అని దానికి పేరు. ఆ ధోరణి నిజమే కావచ్చు. అయితే తీగవాద్యాలను రంగస్థలంగా చేసి, క్లారినెట్‌ను ఒంటరి పాత్రగా నిలబెట్టే ఆ పద్ధతి మొజార్ట్ క్వింటెట్‌లో కనిపించదు, వేబర్ ఫాంటసియాలో కనిపిస్తుంది. సమాన సంభాషణను ఎంతో గౌరవించే బ్రామ్స్ కూడా తన క్వింటెట్‌లో అందరికన్నా లోతైన మాట చెప్పవలసి వచ్చినప్పుడు నలుగురినీ వెనక్కి జరిపి క్లారినెట్‌ను ముందుకు తెచ్చాడు.